పసుపు సెంటిమెంట్

ఆ ఇంట్లో తెల్లవారిందని ముందుగా చెప్పేది పిన్ని దగ్గు, ఆ తర్వాత కాఫీ కప్పుల చప్పుడు. కప్పులు మూడు. తెల్లవి పిన్నికీ, పిచ్చుకకీ. పసుపుపచ్చది అమ్మకి. దాని పిడి విరిగి చాలాకాలమైనా అమ్మ మార్చనివ్వలేదు. అడిగితే "నా సెంటిమెంట్" అనేది. సినిమావాళ్ల ఇంట్లో ఆ మాట అన్నాక ఇంకెవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. పాత చెప్పులు లేనిదే సెట్లో అడుగుపెట్టని హీరోలున్న లోకంలో ఒక పసుపు కప్పు ఏమంత వింత?

పిచ్చుక అసలు పేరు పళ్ల ఆసుపత్రిలో, ఆమె కూర్చునే రిసెప్షన్ బల్ల మీద రాసి ఉంటుంది. ఇరవై ఆరేళ్లొచ్చినా ఇంట్లో మాత్రం పిచ్చుకే. అమ్మ పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు. వీధి చివర గోడంతా ఆమె మొహమే. ఆ వయసులో అంత పెద్ద పోస్టర్ పడే నటి ఇంకొకరు లేరని పిన్ని గొప్పగా చెప్పుకునేది.

ఆ పొద్దున పిచ్చుక కాఫీ ముట్టలేదు. ఫోన్ తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టింది.

"చూడు. నీ అభిమానులు కొత్తది వదిలారు."

"పొద్దున్నే ఆ బుల్లి అద్దంలోకి నేనెక్కడ చూస్తానే. ఏమంటున్నారో నువ్వే చెప్పు."

చెప్పక్కర్లేకుండానే ఫోన్లోంచి గొంతు మొదలైంది. అభిమానులు రహస్యం మాస్టారు అని పిలుచుకునే మనిషి అతను. అమ్మ సినిమాల్ని ఆపి ఆపి చూడటమే అతని పని. పసుపు కనబడిన చోటల్లా ఎర్రగా సున్నా చుట్టి చూపిస్తున్నాడు. వితంతువు పాత్రలో తలుపు పక్కన పసుపు పూలకుండీ. జడ్జి పాత్రలో బల్ల చివర పసుపు ఫైలు. మతి చెడిన మనిషి పాత్రలో మంచం కోడుకి కట్టిన పసుపు గుడ్డ.

"గమనించండి మిత్రులారా! ఆమె ఆ పసుపు దాకా నడుస్తుంది. అక్కడే ఆగుతుంది. అక్కడే ఏడుస్తుంది. మొదటి పసుపు ఏ ఏడాది వచ్చింది? భర్త ఇల్లు వదిలిపోయిన ఏడాది! ఆ సినిమా డైరెక్టర్ ఎప్పుడూ ఏ రంగు చొక్కా వేసుకునేవాడు? పసుపు! ఇక చావు సీన్లో, శవం పక్కన కూర్చుని ఆమె పెదవి చివర నవ్వింది చూడండి. అది ఏ నేరానికి గుర్తు? ఇదిగో, ఇప్పుడు ఆమె ఇల్లు!"

తెర మీద వాళ్ల మెట్లే. ప్రతి మెట్టు అంచునా పసుపు టేపు, మలుపు దగ్గర మెట్టుకి రెండు వరసలు. పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన ఎవడో తెరిచిన తలుపులోంచి ఫొటో తీసి పంపినట్టున్నాడు.

"ఆ డైరెక్టర్ సంగతి నిజమేనా?" అంది పిచ్చుక.

పిన్ని గిన్నె ఠప్పున దించింది. "ఏమే, తల్లిని అడగాల్సిన మాటేనా అది?"

"మరి ఎవర్ని అడగను పిన్నీ? నిన్న పన్ను పీకించుకున్న పెద్దాయన, మత్తుకి సగం నోరు వంకర తిరిగిపోయినా సరే, ఆగి మరీ అడిగాడు. 'మీ అమ్మగాలి పచుపు కత నిదమేనా' అని. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?"

అమ్మ ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వుతో పిచ్చుకకి ఒళ్లు మండిపోయింది.

"నవ్వకు. నాన్న ఎందుకు వెళ్లిపోయాడో చెప్పు."

"ఆయన్నే అడగరాదూ?"

"అడిగాను. మీ అమ్మనే అడుగన్నాడు."

అమ్మ నవ్వు ఆగింది. కప్పుని రెండు చేతుల మధ్యా ఒకసారి తిప్పింది. "అలా అన్నాడా... మా ఇద్దరికీ కుదర్లేదే. అంతకన్నా ఏం లేదు."

"కెమెరా ముందైతే ఇంతకంటే బాగా అబద్ధం చెప్తావమ్మా."

అమ్మ కప్పు దించి లేచింది. వారం తిరిగితే కొత్త సినిమా మొదలు. సినిమా అంతా ఆమె మీదే నడిచే పాత్ర. అలాంటిది మళ్లీ దొరకదని ఆమెకీ తెలుసు, పిన్నికీ తెలుసు. బట్టల కొలతలకి ఇద్దరూ బయల్దేరారు. పిన్ని ఎప్పటిలాగే అక్క మోచెయ్యి పట్టుకుంది. గుమ్మం దాటుతూ అమ్మ తలుపు పిడికి కట్టిన పసుపు గుడ్డని వేళ్లతో తాకింది. రోజూ తాకుతుంది. ఆ పూట పిచ్చుకకి అది ఎవరికో పెడుతున్న దండంలా కనిపించింది.

పిచ్చుక తన పళ్ల ఆసుపత్రికి ఫోన్ చేసి సెలవు పెట్టింది. కూరగాయల కత్తితో మెట్ల మీద టేపు గీకింది. గోళ్లు నొప్పెట్టాయి గానీ ఆగలేదు. తలుపు పిడి గుడ్డ, స్విచ్చుల మీద చుక్కలు, స్నానాల గదిలో మగ్గు, అమ్మ మంచం కోడుకి చుట్టిన రిబ్బను, చివరికి ఆ పిడి లేని కప్పు. అన్నీ సంచిలో కుక్కి, చెత్తబండి వాడు ఈల వెయ్యగానే పరుగున వెళ్లి ఇచ్చేసింది. ఇక ఎవడు ఫొటో తీసుకుంటాడో తీసుకోమను. ఇల్లు కడిగిన ముత్యంలా ఉంది. పిచ్చుకకి చాలా రోజుల తర్వాత గుండె తేలికపడింది.

చీకటి పడే వేళకి కారు ఆగింది. పిన్ని డ్రైవరుతో బట్టల సంచులు దింపిస్తూ గేటు దగ్గరే ఉండిపోయింది. అమ్మ ఒక్కతే లోపలికొచ్చింది. పిచ్చుక మెట్ల పైన నిలబడి చూస్తోంది. అమ్మ మొహం ఎలా మారుతుందో చూడాలని ఆమెకి కసిగా ఉంది.

అమ్మ చెయ్యి తలుపు పిడిని తడిమింది. మళ్లీ తడిమింది. గుడ్డ లేదు.

"పిచ్చుకా, ఇంట్లో ఉన్నావా? లైటు వెయ్యలేదేమే?"

"వేసే ఉందమ్మా."

అమ్మ తలెత్తింది. సరిగ్గా పిచ్చుక ఉన్న వైపే. ఆ చూపు పిచ్చుక మొహం మీదుగా, గోడ మీదుగా పోయింది గానీ ఎక్కడా నిలవలేదు. పిచ్చుకకి ఏదో తేడాగా తోచింది. ఆగమని అనబోయింది. ఈలోగా అమ్మ మెట్లెక్కడం మొదలుపెట్టింది. అలవాటు మీద గబగబా నాలుగైదు ఎక్కి, అంచు కోసం కిందికి చూసి, మలుపు వచ్చిందనుకుని పక్కకి తిరిగింది. మలుపు ఇంకా రాలేదు. కాలు జారింది.

గేటు దగ్గర సంచులు వదిలేసి పిన్ని పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ కింది మెట్టు దగ్గర పడి ఉంది. కేక కూడా వెయ్యలేదు. "టేపు ఏదే" అని మాత్రం అడిగింది.

తుంటి ఎముక విరిగిందన్నారు. మర్నాడు ఆపరేషన్. వార్డు బయట బెంచీ మీద పిచ్చుక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోళ్లలో పసుపు టేపు జిగురు ఇంకా పోలేదు. పిన్ని ఆ చేతుల్ని చూసింది.

"అన్నీ పారేశావటే?"

"పిన్నీ, నాకేం తెలుసు? నేను..."

"తెలీదులే. ఎవరికీ తెలీకూడదనేగా ఇన్నేళ్లు చచ్చాం!" అంది పిన్ని. "నువ్వు పారేసింది గుడ్డలు కాదే, మీ అమ్మ కళ్లు."

పిన్ని పమిట నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే, తిడుతూనే చెప్పింది. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందట, కిటికీ తలుపులు రెండు వైపులా దగ్గరికి వేస్తున్నట్టు. మందు లేదన్నారు. వెలుగు తగ్గితే బొత్తిగా ఏమీ తెలీదు. అన్ని రంగులూ మాసిపోయినా పసుపు ఒక్కటీ ఆమెకి కొట్టొచ్చినట్టు కనబడేది. సెట్లో నటులు ఎక్కడ ఆగాలో నేల మీద చిన్న టేపు ముక్క అంటిస్తారు. అది ఆమెకి కనబడేది కాదు. అందుకని ఆగాల్సిన చోట ఒక పసుపు వస్తువు పెట్టమనేది. ఎందుకని ఎవరైనా అడిగితే 'సెంటిమెంట్' అనేది. గుడ్డిదని తెలిస్తే వేషం ఎవడిస్తాడు?

"మరి నాన్న?"

"డాక్టరు చెప్పిన నెలలోనే వెళ్లిపోయాడు. జీవితాంతం చెయ్యి పట్టి నడిపించడం నా వల్ల కాదన్నాడు. ఏడాది సరిగ్గానే కనిపెట్టాడు మీ రహస్యం మాస్టారు. మిగతాదంతా వాడి బొంద!"

పిచ్చుక అక్కడ ఇంకొక్క నిమిషం కూర్చోలేకపోయింది. లోపలికి వెళ్లి అమ్మ పక్కన నేల మీదే చతికిలబడింది. "నన్ను కొట్టమ్మా" అంది.

"తుంటి విరగ్గొట్టుకుని ఇప్పుడు నిన్నేం కొడతానే" అంది అమ్మ. మందు మగతలో మాట నెమ్మదిగా వస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆయన్ని నాన్నా అని పిలుస్తావా? నాకెలాగూ చూపు పోతుంది. నీకు తండ్రి కూడా పోవడం దేనికని..." అంది అమ్మ. "ఇంకో భయం ఉండేది. ఇది తల్లి నుంచి పిల్లకి కూడా వస్తుందట."

పిచ్చుకకి అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవుల్లోనూ కళ్ల డాక్టర్. కళ్లజోడు అక్కర్లేదని ఎంత ఏడ్చినా వినకుండా, షూటింగులు మానుకుని మరీ తీసుకెళ్లేది. స్నేహితులంతా ఆడుకుంటుంటే తను చీకటి గదిలో గడ్డం ఆనించి కూర్చునేది. తల్లి చాదస్తమని ఎన్నోసార్లు విసుక్కుంది.

"నీకు లేదే. నువ్వు పెద్దదానివయ్యాక డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. ఆ ఫోను నాకు సెట్లో వచ్చింది. చావు సీను తీస్తున్నారు. శవం పక్కన కూర్చుని ఏడవాలి. ఎంత ప్రయత్నించినా నాకు ఏడుపు రాలేదు. నవ్వే వచ్చింది. దాచుకోలేకపోయాను."

ఆ నవ్వుకే ఎర్రగా సున్నా చుట్టి లోకమంతా హంతకురాలంది. పిచ్చుక దుప్పటిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ చెయ్యి గాల్లో వెతికి, ముందు మంచం అంచుకి, తర్వాత పిచ్చుక జుట్టుకి తగిలింది.

కొత్త సినిమా ఇంకొకరికి పోయింది. ఆ వార్త చదివి వినిపించినప్పుడు అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పిచ్చుక ఏ శిక్షకైనా సిద్ధపడింది గానీ ఆ వీపుని మాత్రం చూడలేకపోయింది. "ఆమె పడిపోవడం కూడా ఒక సంకేతమే" అని రహస్యం మాస్టారు ఇంకో వీడియో పెట్టాడు. జనం నోళ్లకి ఇంట్లో ఎవరూ ఇప్పుడూ జవాబు చెప్పలేదు. చెబితే అమ్మకి మిగిలిన చిన్న వేషాల ఆశ కూడా పోతుంది. పళ్ల ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే పిచ్చుక "మా అమ్మ సెంటిమెంటండీ" అని తల వంచుకునేది.

మెట్లకి కొత్త టేపు తనే అంటించింది. మలుపు దగ్గర రెండు వరసలు ఉండాలని పిన్ని పక్కన నిలబడి చెప్పింది. పిన్ని ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు. టేపు వంకరగా వస్తే మాత్రం "అలా కాదు, ఇటు లాగు" అంటోంది. కప్పు మళ్లీ దొరకలేదు. అలాంటిదే కొంటే పిడి ఉంది.

అమ్మని ఇంటికి పంపే రోజు పిచ్చుక ఆసుపత్రికి పసుపుపచ్చ స్కార్ఫ్ వేసుకుని వెళ్లింది. ఒకప్పుడు ఆ రంగంటే అసహ్యపడి అల్మారాలో కూడా ఉంచనిచ్చేది కాదు. వార్డు పొడుగ్గా, ఎండ వెలుగుతో ఉంది. మంచాల మధ్య నడిచేవాళ్లు చాలామందే ఉన్నారు. పిచ్చుక ఇంకా నోరు తెరవలేదు.

"వచ్చావా పిచ్చుకా?" అంది అమ్మ, ఆ చివరి మంచం మీంచి.

పిచ్చుక అక్కడే ఆగిపోయింది. తేరుకుని దగ్గరికి వెళ్లి కూర్చునేసరికి ఫోన్ మోగింది. ఎవరో స్నేహితురాలు పంపింది. ఆసుపత్రి గేటు దగ్గర పసుపు స్కార్ఫ్‌తో దిగుతున్న తన ఫొటో, స్కార్ఫ్ చుట్టూ ఎర్రటి సున్నా. కింద రాసింది పిచ్చుక పైకి చదివింది.

"మిత్రులారా, రహస్యం తల్లి నుంచి కూతురికి చేరింది!"

అమ్మ నవ్వింది. పడ్డాక అదే మొదటి నవ్వు. "పోన్లే పాపం. ఇన్నాళ్లకి ఒకటి సరిగ్గా కనిపెట్టాడు."

పిచ్చుక నవ్వబోయి భోరుమంది. అమ్మ చెయ్యి చాచింది. ఈసారి గాల్లో వెతకలేదు. తిన్నగా వచ్చి ఆ స్కార్ఫ్ కొసని పట్టుకుంది.