థార్న్‌వే మీద కాపలా

హాలిఫాక్స్‌లో ఆ పాత రేవు వైపు చీకటిపడ్డాక ఎవరూ వెళ్లరు. థార్న్‌వే అనే డిస్ట్రాయర్ యుద్ధనౌక ముక్కు అక్కడి రేవు గోడలోనే కలిపి కట్టేసి ఉంది... తుప్పుపట్టిన కమ్మీ ఒకటి పైకి కనిపిస్తుంది.

1913లో నీళ్లలోకి దిగిందట. మొదటి యుద్ధంలో సబ్‌మెరైన్లను వేటాడింది. తర్వాత కెనడాకొచ్చి కుర్ర నావికులకు పని నేర్పింది. ముసలిదయ్యాక ఫిరంగులు పీకేసి, రేవుకి కట్టేసి, ఒక్క నావికుణ్ణి కాపలా పెట్టారు.

డ్యూటీ అందుకునే రిలీవర్ వచ్చేదాకా కదలకూడదు — అది రూలు. 1929 డిసెంబర్‌లో మంచు తుఫాను. రిలీవర్ రాలేదు. తెల్లారేసరికి అతను కమ్మీ పట్టుకుని నిలబడే గడ్డకట్టిపోయాడట...

కోదండరామ్ అక్కడే సెక్యూరిటీ గార్డ్. మా కాలేజీయే. పోయిన డిసెంబర్‌లో నేను దూరంగా రిచ్‌మండ్ హిల్ ఊరికి మారిపోయే రోజు అన్నాడు —

"ఎనిమిదికి రిలీవర్ వస్తాడు. ఫెర్రీ దగ్గరుండు రిషితా. నిన్నొకటి అడగాలి."

అదేంటో నాకు తెలుసు. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నా.

సాయంత్రం అయిదుకే చీకటి. మంచు. కమ్మీ దగ్గర ఎవరో నిలబడ్డారట — నీలం కోటు, గడ్డం నిండా మంచు. ఏదో అడిగాడు. ఆ యాస కోదండకి అందలేదు.

అర్థంకానిదానికల్లా "యెస్ సర్" అనెయ్యడం కొత్తగా వచ్చిన మనందరి అలవాటే కదా. కోదండ అలాగే అక్కర్లేని రెండో సిమ్ కొనుక్కొస్తే ఎంత ఏడిపించానో.

"యెస్ సర్," అన్నాడు.

ఆ మనిషి సెల్యూట్ చేశాడు. కమ్మీ మీంచి రెండో చెయ్యి మెల్లగా ఊడదీసుకున్నాడు... వెళ్లిపోయాడు. మంచులో అడుగులు పడలేదు.

ఎనిమిదింబావుకి ఫోన్ చేసి ఇదంతా గుసగుసగా చెప్పాడు.

"అతనేమడిగాడో ఇప్పుడర్థమైంది."

"ఏమడిగాడు?"

"నా రిలీవర్‌వి నువ్వేనా... అని."

"చాల్లే నీ కథలు. ఫ్లైట్ టైమవుతోంది, త్వరగా రా."

"రిలీవర్ రానీ. వచ్చేస్తా."

రాలేదు. ఏడ్చుకుంటూ విమానం ఎక్కేశా.

ఇప్పుడు మార్చి. రోజూ ఎనిమిదికి ఫోన్ చేస్తాడు. వెనక గాలి హోరు. "రిలీవర్ ఇంకా రాలేదు రిషితా..." అంతే, పెట్టేస్తాడు. ఇవాళ ఒళ్లు మండి వాళ్ల సూపర్‌వైజర్ ఆంజనేయులు అంకుల్‌కి ఫోన్ చేశా.

"కోదండా? ఆ రాత్రే డ్యూటీ వదిలేసి నీ వెంట వచ్చేశాడనుకున్నాం కదమ్మా. ఫోన్ కూడా కమ్మీ కింద పడేసి పోయాడు. చార్జింగ్ అయిపోయి అప్పట్నుంచీ నా డ్రాయర్‌లోనే ఉంది."

ఎనిమిదైంది. ఫోన్ మోగింది. ఎత్తాను.

గాలి హోరు...

"రిషితా... నిన్నొకటి అడగాలి. నువ్వొస్తావా?"

డిసెంబర్ నుంచీ నా నోట్లో ఒక్కటే జవాబుంది — "యెస్."