రఘుపతి ఇంటి రేసు మోటరు

నారాయణపేటలో మగ్గాల వాళ్ల ఇళ్లు తెల్లవారకముందే మేలుకుంటాయి. ఆ ఉదయం కూడా రఘుపతి గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకొని దారం చుట్టిన నాడె విసురుతున్నాడు. భార్య శ్యామలమ్మ వాకిట్లో చల్లిన కళ్లాపి ఇంకా ఆరలేదు. కోడలు అరుణమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. ఇక కొడుకు అమరేందర్ సంగతి చెప్పాలా? ఇంటి ముందు నిలబెట్టిన పొడుగుముక్కు మోటరు దగ్గర వంగి, హ్యాండిల్ పెట్టి తిప్పుతున్నాడు. మోటరు ఒక్కసారి గర్జించింది. అరుణమ్మ చేతిలో రొట్టె చేతిలోనే ఆగిపోయింది. మరుక్షణం అది నాలుగు దగ్గులు దగ్గి ఊరుకుంది.

ఎదురింటి గుర్వమ్మ బిందె చంకన పెట్టుకొని నిలబడింది. “శ్యామలక్కా, మీ మోటరుకు పొద్దుగాల్నే దగ్గు లేసినట్టున్నది. జర మిరియాల కషాయం పొయ్యరాదు?”

“ముందుగాల నీ నోట్ల పోస్త ఆ కషాయం. పో, నీళ్లకు పో,” అంది శ్యామలమ్మ. అందే గాని, లోపలికి వచ్చి చీపురు మూలకు విసిరింది.

అది మామూలు మోటరు కాదు మరి. జాగీర్లు ఉన్న కాలంలో ఓ దొర కొడుకు దాన్ని పందేల్లో తోలేవాడు. విలాయతి సరుకు, గాలితో పోటీపడి ఉరికేదట. జాగీర్లు పోయి ఆయన పట్నం చేరాక పశువుల కొట్టంలో గడ్డి కింద పడి ఉంటే, అమరేందర్ కళ్లు దాని మీద పడ్డాయి. వాడు లారీ తోలడం నేర్చినవాడు. పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతానని తండ్రి వెంట పడి పడి ఒప్పించాడు. రఘుపతి ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మి ఆ మోటరు కొనిచ్చాడు. మగ్గం ఉన్న చోట ఇప్పుడు గుంత ఒక్కటే మిగిలింది. దాని మీద చెక్కలు పరిచారు.

మోటరు వచ్చిన నాటి నుంచి రోగం ఒక్కటే. బాగానే బయలుదేరుతుంది, ఊరు దాటుతుంది, ఇక జోరు అందుకుంటుందనగా పెట్రోలు అందక ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. మహబూబ్‌నగర్ మేస్త్రి చెన్నయ్య వచ్చి పంపు మార్చాడు, పైపులు మార్చాడు, టాంకీ కడిగాడు. ఏం చేసినా కొన్నాళ్లే. చివరికి అతనే చెప్పాడు: “లారీ ఎంత మురికైనా మింగుతది. ఇది ఉరికే బండి. దీంట్ల పెట్రోలు పోయే బెజ్జాలు ఎంటికె సందంత. నలుసు పడ్డా ఊపిరాడదు. డబ్బాల పెట్రోలుకు తుప్పు ఉంటది, మంచి గుడ్డతోని వడగట్టి పొయ్యుండ్రి.”

ఆ పని శ్యామలమ్మ తన నెత్తిన వేసుకుంది. మగ్గాల ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. ఏ శుభకార్యమైనా మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన, నీళ్లు తగలని కోరాగుడ్డతోనే మొదలు పెడతారు. వాహనానికి పాతబట్ట తగలనివ్వరు. అందుకని పెట్రోలు డబ్బా వచ్చిన ప్రతిసారీ ఆమె కొత్త కోరాగుడ్డ కోసి, దానికి పసుపుబొట్టు పెట్టి, దేవుడికి తీర్థం వడగట్టినంత భక్తిగా వడగట్టేది. లోకంలో ఇంకే మోటరూ అంత మర్యాదగా పెట్రోలు తాగి ఉండదు. అయినా పోయిన నెల ఊట్కూరు ఊరేగింపులో పెళ్లికొడుకును మోస్తూ నడిబజార్లో ఆగింది. ఎడ్లను కట్టి లాగారు. బ్యాండు వాళ్లు మాత్రం ఆపకుండా వాయించారు.

ఆ రోజు నుంచి కోపం దిగమింగుకుంటున్న రఘుపతి ఈ ఉదయం నాడె పక్కన పెట్టాడు.

“అమరేందర్, ఇటు రా. కిష్టయ్య శేటు కొడుకు పెండ్లికి మాట ఇచ్చినవంట?”

“అవు నాయిన. పెండ్లికొడుకును కోస్గి దాక తీస్కపోవాలె.”

“పోయినసారి ఎడ్లు గుంజినయ్. ఈసారి ఎవలు గుంజాలె, నేనా?”

“గట్ల అనకు నాయిన. బండి మంచిదే. ఎక్కడనో చిన్న...”

“ఆ చిన్నదే మన ఇజ్జత్ తీస్తాంది. ఇనుము కొనేటోడు మొన్న వచ్చి అడిగిండు. కోస్గి బాటల ఆగిందా, వానికి ఇచ్చేస్త. మల్ల మగ్గం పెట్టిస్త, నువ్వు గుంతల కూసోవాలె. ఒప్పుకుంటవా?”

అమరేందర్ చెక్కలు పరిచిన ఆ గుంతకేసి చూశాడు. “ఒప్పుకుంట,” అన్నాడు.

పొయ్యి దగ్గర అరుణమ్మ రొట్టె తిప్పడం మరిచిపోయింది. మగ్గంలో కూర్చున్న రోజుల్లో తన మొగుడు అన్నం ముందు కూడా మాట్లాడేవాడు కాదు. మోటరు వచ్చాకే అతని నవ్వు ఎలా ఉంటుందో ఆమె చూసింది. ఆ నవ్వు ఇనుము సామానుతో పాటు తూకానికి పోతుందా?

మధ్యాహ్నం అమరేందర్ మోటరు ముక్కు ఎత్తి, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ విప్పాడు. అరుణమ్మ పళ్లెం పట్టుకుని కూర్చుంది. ఇత్తడి ముక్కలు ఒక్కొక్కటీ అందులో పడుతున్నాయి. చిన్న గిన్నె లాంటి ముక్క అడుగున తెల్లటి ముద్ద అంటుకుని ఉంది.

“మల్ల గదే చెత్త. ఎంత కడిగినా వస్తాంది,” అని విసుక్కున్నాడతను.

అరుణమ్మ ఆ ముద్దను బొటనవేలితో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపింది. వేళ్లు అంటుకున్నాయి. ఆమెవి కూడా పుట్టినప్పటి నుంచి పడుగు దారాలకు గంజి పట్టించిన చేతులే.

“ఇది గంజి.”

“నెత్తి గిట్ల తిరుగుతాందానే? టాంకిల గంజి ఎవలు పోస్తరు? మోటరు బువ్వ వండుకుంటదా?”

“నవ్వకుండ్రి. జర ఆగుండ్రి.”

ఆమె ఇత్తడి గిన్నెలో కాస్త పెట్రోలు పోయించి, వడగట్టే కోరాగుడ్డ తెచ్చి ముంచి పిండింది. కొంచెంసేపు ఇద్దరూ దానికేసి చూస్తూ కూర్చున్నారు. గిన్నె అడుగున పిండి చల్లినట్టు తెల్లగా దిగింది. అమరేందర్ నవ్వు ఆగిపోయింది.

“అమ్మా!” అని కేకేశాడు. గంజి సంగతి తను అనకుండా ఉంటే బాగుండేదని అరుణమ్మకు ఆ క్షణమే అనిపించింది.

శ్యామలమ్మ వచ్చింది, చూసింది, విన్నది. ఆమె ముఖం ఎర్రబడింది.

“అంటే ఏందే నువ్వనేది? నా గుడ్డ మురికిదా?”

“మురికని కాదత్తమ్మా. అది కోరాది గద, గంజి...”

“పండుగకు నేను కట్టుకోకుండ కోసిచ్చిన గుడ్డ! మగ్గం మీది నుంచి నేల తగలనియ్యలే! నిన్నగాక మొన్నొచ్చి నా చేతికి వంక పెడుతవా? మేస్త్రికి కానరానిది నీకు కానొచ్చిందా?”

“మేస్త్రికి మగ్గం ఎరుక లేదత్తమ్మా. మనకు మోటరు ఎరుక లేకపాయె. ఎవలను అనాలె?”

“నన్నే అను! అనేదానివి అన్నవు గద!”

గొడవకు రఘుపతి మగ్గంలోంచి లేచి వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. తడిసిన గుడ్డను వేళ్లతో నలిపి చూశాడు. పెటపెటలాడే కోరాగుడ్డ మెత్తగా వాలిపోయింది. కొత్త గుడ్డ ఇంకొకటి తెప్పించి తనే ముంచాడు. మళ్లీ అదే తెలుపు.

“గంజిల పల్లినూనె కలిపేది నేనే,” అన్నాడు మెల్లగా. “దారం మీద గంజిని పట్టి ఉంచేది ఆ నూనెనే. పెట్రోలు నూనెను గుంజుకున్నది. ఇంక గంజి నిలుస్తదా, రాలుతది. డబ్బాలడుగున చెమ్మ తగిలి ముద్దయితాంది. ముందుగాల తుప్పు అడ్డం పడ్డది, వడగట్టుడు మొదలైనంక గంజి. కోడలు చెప్పింది నిజమేనే.”

శ్యామలమ్మ అరుగు మీద కూలబడింది. “అంటే ఇన్నొద్దులు నేనే... నా చేతులతోని నేనే నా కొడుకు బండి గొంతు పిసికిన్నా?” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అరుణమ్మ పోయి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. “ప్రేమతోని చేసినవత్తమ్మా. మోటరుకు ప్రేమ ఎక్కువైంది, గంతే.”

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చింది. కోడలి నెత్తిన మెల్లగా ఒకటి వేసింది. తరువాత లేచి లోపలికి పోయి, ఉతికి ఉతికి దూదిలా అయిపోయిన తన చీర తెచ్చి, పళ్లతో అంచు పట్టి పర్రున చింపింది.

“పాతబట్ట తగిలితే అరిష్టమంటరు. ఏమన్న ఉంటే నన్ను తగలనీ, బండిని కాదు. వడగట్టు బిడ్డా, నువ్వే వడగట్టు.”

తండ్రీకొడుకులు టాంకీ ఖాళీ చేసి, పైపులన్నీ ఊది ఊది శుభ్రం చేశారు. రఘుపతి మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు. “ఆగితే అమ్ముడే. నేను ముందట్ల కూసోని నా కండ్లతోని చూస్త,” అన్నాడు.

పెళ్లి ముందురోజే అత్తాకోడళ్లు పెళ్లివాళ్ల బండ్లలో కోస్గి చేరారు. మరునాడు పొద్దెక్కుతుంటే ఊరి బయట బాట మీద నిలబడ్డారు. ఆడపెళ్లివారి ముసలాయన వెంకటయ్య తమాషాగా అడిగాడు: “ఏమమ్మా, మీ మోటరు ఎడ్లతోని వస్తాందా, ఉత్తగనే వస్తాందా? కిష్టయ్య శేటు ఎందుకైనా మంచిదని వెనక ఎడ్లబండి పెట్టిండంట గద.”

శ్యామలమ్మ కోడలి చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. చెల్క పొలాల మీదుగా గాలి తప్ప ఏమీ వినిపించడం లేదు. అలా ఎంతసేపు నిలబడ్డారో వాళ్లకే తెలియదు.

ముందు దుమ్ము కనిపించింది. ఆ వెనక చప్పుడు. దగ్గు కాదు, తుమ్ము కాదు. ఒక్కటే గర్జన, తెంపు లేకుండా! దిబ్బ ఎక్కి, దిగి, బ్యాండు వాళ్లు డోళ్లు భుజానికి తగిలించుకునే లోపలే మోటరు వచ్చి వాళ్ల ముందు నిలిచింది. అమరేందర్ తలపాగా నుంచి మీసాల దాకా ఎర్రమట్టి. దాని మధ్య పళ్లు మెరుస్తున్నాయి.

రఘుపతి దిగాడు. శ్యామలమ్మ ఎదురుగా పోయింది. “ఎక్కడన్న ఆగెనా?”

“ఆగింది.”

ఆమె ముఖం పాలిపోయింది.

“గొర్లమంద అడ్డమొస్తే ఒకపారి ఆగింది. జోరు తట్టుకోలేక పెండ్లికొడుక్కు కడుపుల తిప్పితే ఇంకోపారి ఆగింది. గంతే!” అంటూ రఘుపతి పగలబడి నవ్వాడు. అతను అలా నవ్వి ఎన్నేళ్లయిందో! “వెంకటయ్యా, బ్యాండు వాళ్లను ఊకోమను. శేటు ఇంకా ఆ ఎడ్లబండిలనే ఉన్నడు, పొద్దుగూకినాక వస్తడు!”

కోస్గి జనమంతా విరగబడి నవ్వారు. శేటు దారిలో ఎడ్లబండి దిగి, బస్సెక్కి ముహూర్తానికి అందుకున్నాడు; పెళ్లి జరిగింది. కొత్తజంట ఆ రాత్రికి అక్కడే ఉండిపోవడంతో, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికి పోయేందుకు మోటరు ఖాళీగా ఉంది. అత్తాకోడళ్లు వెనక ఎక్కారు. కిరాయిల కోసం నలుగురైదుగురు అమరేందర్‌ను చుట్టుముట్టి ముహూర్తాలు చెబుతుంటే, అతని కంటే ముందు రఘుపతే జవాబులిచ్చాడు.

“ఇనుమోడు వస్తే ఏం చెప్పాలె నాయినా?” అని హ్యాండిల్ అందుకుంటూ అడిగాడు అమరేందర్.

“వేరే ఇనుము చూసుకొమ్మను. మగ్గం ఒకటి చాలు నాకు. నువ్వు నీ బండి తోలుకో బిడ్డా.”

అమరేందర్ తల వంచుకొని కాసేపు హ్యాండిల్‌నే తుడిచాడు. అరుణమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఊరు దాటాక బాట తిన్నగా సాగింది. ముందు నారాయణపేట బస్సు పొగ వదులుతూ పోతోంది. అమ్మ భయపడుతుందని అమరేందర్ దాని వెనకే మెల్లగా నడిపాడు. వెనక నుంచి భుజం మీద ఒక చెయ్యి పడింది.

“ఏందిరా, బస్సు ఎనక పోవుడా?” అంది శ్యామలమ్మ. కొంగు నడుముకు బిగించింది, కోడలి భుజం పట్టుకుని సగం లేచి నిలబడింది. “ఇది ఉరికే బండి అంటివి గద. ఉరికియ్యి! ఇంకా జోరుగ! ఆ బస్సులోళ్లందరు మన మొఖాలు చూడాలె!”