ముప్పై ఒకటో ఫారం

శనివారం పొద్దున ఎనిమిదింటికే రాహేలు వసారాలో చాప పరిచి ఫారాలు సర్దుతోంది. లోపల రేడియో మోగుతోంది. చర్చిదాకా పోయొస్తానని తండ్రి ప్రకాశం గడప దాటాడో లేదో, తల్లి నీలమ్మ గబగబా వెళ్లి రేడియో కట్టేసింది.

"పాటలంటే నీకేం పగ అమ్మా?"

"నెత్తి నొస్తది బిడ్డా," అంటూ నీలమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది.

రాహేలు కాలేజీలో నేరాలు, న్యాయం గురించి పాఠాలు చెప్పే లెక్చరర్. భర్తల చేతుల్లో దెబ్బలు తినే ఆడవాళ్ల మీద రెండేళ్లుగా పరిశోధన చేస్తోంది. కార్వాన్‌లో హిందువులు, యాకుత్‌పురాలో ముస్లింలు, ఉప్పుగూడలో తమ క్రైస్తవులు, మొత్తం నలభై ఒక్క మంది. ఫారాల మీద పేర్లుండవు, నంబర్లే. చర్చి సంఘ పెద్ద కూతురైన తను అడిగితే సొంత బస్తీలో ఎవరూ నోరు విప్పరని, ఇక్కడి పదకొండు ఫారాలూ కుట్టు నేర్పే సక్కుబాయికి అప్పజెప్పింది. ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, ఆమె నిన్న సాయంత్రమే కట్ట పంపింది. రాహేలు ఇంకా విప్పనే లేదు. సోమవారం అన్నీ యూనివర్సిటీలో ఇచ్చేయాలి.

గంట తిరక్కుండానే ప్రకాశం వచ్చేశాడు. నెల మొదటి ఆదివారం, క్రీస్తు కడపటి విందుకు గుర్తుగా, ప్రభువు బల్ల దగ్గర సంఘానికి రొట్టె పంచేది ఆయనే. రేపే ఆ ఆదివారం. ముఖం మాత్రం కందగడ్డలా ఉంది.

"ఏంది బిడ్డా గీ లొల్లి? మనోళ్ల ఇండ్లల్ల ముచ్చట్లు సుత రాస్తున్నవట. అందరు నన్నే అడుగుతున్నరు."

"పేర్లు లేవు బాపూ."

"పేర్లు లేకుంటే ఏంది, మనోళ్లని రాసినవ్ గద. వేరేటోళ్లయి ఉంచుకో. మన పదకొండు తీసి పొయ్యిల పెట్టు."

"అవి తీస్తే మన మతంల కొట్టేటోళ్లే లేరన్నట్టు అయితది బాపూ. గట్ల అబద్ధం రాసి ప్రొఫెసర్ కావాల్నా నేను?"

"గియ్యే అబద్ధాలు. తియ్యనంటవా, గా కాగితాలు పట్టుకొని గడప దాటు. మల్ల రాకు."

చేటలో నీలమ్మ చేతులు ఆగాయి.

"సదువకుండనే అబద్ధం అంటె ఎట్ల?" అంది మెల్లగా. "అండ్ల ముప్పై ఒకటి సదువుర్రి."

అమ్మకు నంబరెలా తెలుసు?

ప్రకాశం కట్ట విప్పి ఆ కాగితం లాగాడు. వీధికి వినపడేంత గొంతుతో, వెక్కిరింపుగా చదవడం మొదలుపెట్టాడు.

"'నా మొగుడు మస్తు మంచోడంటరు అందరు. బిడ్డ కాలేజికి పోయినంక తలుపేస్తడు. పక్కింటోళ్లకు ఇనవడకుండ రేడియో పెద్దగ పెడ్తడు...'" గొంతు సన్నబడింది. "'బల్ల ఆదివారం ముంగట శనివారం మాత్రం చెయ్యెత్తడు. తెల్లారి అందరికి రొట్టె పంచాలె గద...'"

తర్వాత చదవలేకపోయాడు.

రెండేళ్లు. కార్వాన్ నుంచి యాకుత్‌పురా దాకా గడపగడపా ఎక్కి, మీ ఆయన కొడతాడా అని అడిగి, పొద్దుగూకి ఇంటికొస్తే ఈ అమ్మే కంచంలో అన్నం పెట్టేది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది రాహేలు.

"నువ్వు అడగలే బిడ్డా. సక్కుబాయి అడిగింది."

రాహేలు చాప మీదే తల్లి ఒడిలో ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. ప్రకాశం గడప మీద కూలబడ్డాడు.

"రేపు నేను రొట్టె పంచ. బల్ల ముట్ట. ఎందుకని అడుగుతరు. చెప్త."

"రేపటిది సరే," అంది నీలమ్మ. "ఎల్లుండి బిడ్డ కాలేజికి పోతది. ఎల్లుండి సంగతి చెప్పుర్రి."

ఆయన లేచి లోపలికి వెళ్లి రేడియో తెచ్చి, ముప్పై ఒకటో ఫారంతో పాటు ఆమె ముందు పెట్టాడు.

"ఇగ గీ రేడియో నా చేతికి ఇయ్యకు."

నీలమ్మ దాన్ని కూతురి వైపు జరిపింది. తర్వాత కూతురి తల నిమిరింది.

"మెల్లగ పెట్టు బిడ్డా," అంది. "ఇన్నేండ్ల సంది ఒక్క పాట సక్కగ ఇనలే."