దానిమ్మ కొమ్మకు కాగితం పూలు

"ఇంకా ఎన్ని పూలు చేస్తావే?" పొయ్యి దగ్గర నుంచి అడిగింది గిడ్డమ్మ.

"పద్దెనిమిది అయినాయమ్మా. ఇంకా ఏడు," అంది కూతురు సోమక్క, తల ఎత్తకుండానే.

అరుగు నిండా గులాబీ రంగు కాగితం ముక్కలే. పీర్ల పండక్కి అమ్ముడుపోక మిగిలిన కాగితాలను వాళ్ళ నాయన పత్తికొండ అంగడి నుంచి తెచ్చాడు. కాగితాన్ని మడతలు పెట్టి గుండ్రంగా కత్తిరించాలి. అంచును సూదికి చుట్టి మెల్లగా లాగితే రెక్కలకు ముడతలు వస్తాయి. నాలుగు వరుసలు కలిపి నడుమ దారంతో బిగిస్తే పువ్వు. సోమక్క చదివేది ఐదో తరగతే కానీ, పూలు మాత్రం పెద్దవాళ్ళు చేసినట్టు ఉండేవి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యాక వస్తున్న మొదటి రిపబ్లిక్ డే అది. మంగళవారం బడిలో జెండా ఎగరేస్తారు. ఆ ఏడు వానలు సరిగ్గా లేవు. ఊళ్ళో పూలన్నవే లేవు. అందుకే నరసింహ అయ్యవారు, "ఒక్కొక్కరు ఒక ఎండుకొమ్మకు కాగితం పూలు కట్టి తెండి. అన్నిటికంటే బాగున్నదాన్ని జెండా పక్కన నిలబెడదాం," అన్నారు.

జెండా పక్కన! సోమక్కకు ఇక వేరే ధ్యాస లేదు.

పూలు సరే, కొమ్మ కావాలి. అందరూ తుమ్మకొమ్మలే తెస్తారు. అందరూ తెచ్చేది సోమక్కకు ఎందుకు నచ్చుతుంది? పక్కింటి మద్దమ్మవ్వ పెరట్లో ఒక చిన్న దానిమ్మ చెట్టు ఉంది. దానికి ఆకు ఒక్కటీ లేదు. ఉన్నవి రెండే కొమ్మలు. ఒకటి సన్నగా ఉంది. రెండోది ఏపుగా, రెమ్మలు చక్కగా విచ్చుకుని ఉంది. రెమ్మల కొసన ముళ్ళు. పూలు గుచ్చడానికి అంతకంటే ఏం కావాలి?

మద్దమ్మవ్వ నీళ్ళకు పోయింది. వచ్చాక అడగవచ్చు. కానీ సోమక్కకు చెయ్యి ముందు పోతుంది, బుద్ధి తీరిగ్గా వెనక వస్తుంది. 'ఎండిపోయిందే కదా' అనుకుని మొండిగోడ దాటి, కొడవలితో పెద్ద కొమ్మ కోసేసింది.

కోసిన చోట లోపల పచ్చగా కనిపించింది. సోమక్క చూసింది. చూసి కూడా దానిమీద కాగితం చుట్టేసింది.

ఆ శనివారం సాయంత్రం మద్దమ్మవ్వ సోమక్క వాళ్ళ వాకిట్లోకి వచ్చింది.

"గిడ్డమ్మా, నా దానిమ్మ చెట్టు ఎవరో నరికినారే!"

"ఎండిపోయిన చెట్టు కదవ్వా," అంది గిడ్డమ్మ.

"ఎండలేదు తల్లీ. చలికి ఆకు రాల్చుకుండాది, అంతే. మూడేండ్ల నుంచి మొగం కడుక్కున్న నీళ్ళన్నీ దానికే పోస్తాండా. ఈ ఏడన్నా పూత వస్తాదని ఆశ పెట్టుకుంటి. కొమ్మ దొరికినా సాలు. తడి ఆరకముందే భూమిలో నాటితే బతకొచ్చు. పాపా, నువ్వేమన్నా సూసినావా?"

ఆ కొమ్మ లోపలి గదిలోనే ఉంది. జొన్నల గంప చాటున, గోనెపట్ట కింద.

"లేదవ్వా. నేను సూడలేదు," అంది సోమక్క.

'మంగళవారం దాకానే కదా. జెండా వందనం అయిపోగానే ఇచ్చేస్తా' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆదివారమంతా మద్దమ్మవ్వ కొమ్మ కోసం ఊరు తిరిగింది. ముళ్ళకంపలు ఎత్తి చూసింది. దిబ్బల దగ్గర వెతికింది. సోమవారం మేకల రంగన్న దొడ్డి దాకా పోయింది. "ఎండుకట్టె కోసరం ఇంత తిప్పలా అవ్వా!" అని రంగన్న నవ్వాడు. సోమక్కకు నవ్వు రాలేదు. ఇంటికి పోయి మిగిలిన పూలు గుచ్చింది. అమ్మ చూడబోతే, "ఇప్పుడే వద్దు, పూలు నలుగుతాయి," అంది. గుచ్చుతుంటే ముల్లు వేలికి దిగింది. ఏడుపు వచ్చింది. అది ముల్లు వల్ల మాత్రం కాదు.

మంగళవారం సోమక్క కొమ్మే జెండా పక్కన నిలబడింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళతోపాటు మద్దమ్మవ్వ కూడా వచ్చింది. పూలు దట్టంగా ఉండడంతో కొమ్మను గుర్తుపట్టలేదు.

"అచ్చం చెట్టే పూసినట్ల ఉండాదే! ఎవరిది?"

"మన సోమక్కదే," అన్నారెవరో.

"నా బంగారు తల్లీ!" అవ్వ సోమక్క చెంపలు నిమిరి, తన కణతల మీద మెటికలు విరిచింది. సోమక్కకు ఆ చేతుల్లోంచి పారిపోవాలనిపించింది.

అందరూ వెళ్ళాక పూలన్నీ పీకేసింది. ఇరవై అయిదు పూలూ బడి వాకిట్లో పడ్డాయి. మోడుకొమ్మ పట్టుకుని మద్దమ్మవ్వ ఇంటికి పోయింది.

"అవ్వా, నేనే కోసినా. నీకు అబద్ధం సెప్పినా."

మద్దమ్మవ్వ కొమ్మ తీసుకుని గోటితో పైన గీకి చూసింది. ఎండిపోయింది. నడుమ గీకింది. అక్కడా అంతే. అయినా గుంత తవ్వి నాటి, చెంబుడు నీళ్ళు పోసింది.

"ఆ పొద్దే ఇచ్చింటే బతికేదా అవ్వా?"

"బతికేదేమో పాపా." అవ్వ చేతుల మట్టి దులుపుకుంది. "కోసినందుకు కాదు నా బాధ. తెలీక కోసింటావు. మూడు దినాలు నేను వీధులెంబడి తిరుగుతాంటే సూస్తా ఎట్ల కూచుంటివే?"



మరుసటి రోజు నుంచి సోమక్క బడికి పోయే ముందు అవ్వకు ఒక కడవ నీళ్ళు తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. దానిమ్మ చెట్టు మొదట్లో నీళ్ళు పోసి, నాటిన కొమ్మను రోజూ వంగి చూసేది. ఎండలు ముదిరే సరికి మిగిలిన సన్న కొమ్మ చిగురించింది. నాటింది చిగురించలేదు. ఒకరోజు అవ్వ దాన్ని పీకి పొయ్యిలో పెట్టింది. ఆ రోజు సోమక్కకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత వారమే, బావి మెట్ల మీద సోమక్క కాలు జారింది. అవ్వ కడవ రాతికి తగిలి పగిలింది. చుట్టూ ఎవరూ లేరు. సోమక్క ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత పెంకులు ఒళ్ళో వేసుకుని, తడిసిన పావడతోనే పరుగు తీసింది. వీధి మలుపులోనే అవ్వ ఇల్లు కనిపించింది. వాకిలి దాకా పోయేవరకు కూడా ఓపిక పట్టలేకపోయింది.

"అవ్వా! నీ కడవ పగిలిపోయినాది! నేనే పగలగొట్టినా!" అని అక్కడి నుంచే అరిచింది.