హార్విచ్ రేవులో మూడు పట్లు

"డాక్టర్ అమొరీ ఇష్టపడి పారిపోతుంటే కాల్చెయ్. బలవంతంగా తీసుకుపోతుంటే కాపాడు. ఓడ ఎక్కేలోగా తేల్చుకో," అంది గూఢచారి శాఖ చీఫ్ మిస్ క్రౌథర్, ఏజెంట్ పెల్‌తో.

ఇంగ్లండు రాడార్ రహస్యాలన్నీ ఆ శాస్త్రవేత్త బుర్రలోనే ఉన్నాయి. శత్రు ముఠాలో మన మనిషిగా చేరిన అందగత్తె వెరీనా అప్పటికే కబురు పంపింది: "ఇష్టంతోనే వస్తున్నాడు."

హార్విచ్ రేవులో వాన. కూలీ వేషంలో సామాన్ల బండి తోస్తున్న పెల్‌కి ఎదురుగా గొడుగులు తప్ప మరేమీ కనబడటం లేదు. బండి మీది దుప్పటి కింద పిస్తోలు. టోపీలో రేడియో. పైన క్రేన్ గదిలోంచి బైనాక్యులర్స్‌తో చూస్తున్నది విన్నీ. నిఘా పనిలో తలపండిన మనిషి.

"వెరీనా, డాక్టరూ వచ్చారు బాబూ. చేతిలో చెయ్యేసుకుని, పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టే ఉన్నారు."

"ఏ పట్టు? క్లాస్పా?"

నిఘావాళ్లు ఊరికే 'పట్టుకున్నారు' అంటే కుదరదు. క్లాస్ప్ అంటే ప్రేమగా పొదివిన పట్టు. గ్రిప్ అంటే ఎదుటిమనిషిని అదుపులో ఉంచే పట్టు. క్లచ్ అంటే, వదిలితే ప్రాణం పోతుందన్న భయంతో పట్టుకోవడం.

"క్లాస్పే అనుకో."

"అనుకుంటే చాలదు విన్నీ. ఒక మనిషి ప్రాణం."

"అరవకు! ఈ గాలికి కళ్లు నీళ్లు కారిపోతున్నాయి."

ఓడ కూత వేసింది. పెల్ చెయ్యి దుప్పటి కిందికి వెళ్లింది.

"ఆగు బాబూ! ఆమెది గ్రిప్. ఆయన మణికట్టులోకి బొటనవేలు దిగింది. ఆయన రెండో చేత్తో ఓడ మెట్ల తాడు పట్టుకున్నాడు. క్లచ్! వేళ్లు తెల్లగా పాలిపోయాయి. ఎక్కాలనుకున్నవాడు అలా పట్టుకోడు!"

పెల్ పిస్తోలు వదిలేసి, బలమంతా పెట్టి బండిని తోశాడు. పెట్టెలు వెరీనా కాళ్ల మీద కూలాయి. ఆమె తూలగానే చేతి తొడుగులోంచి చిన్న ఇంజెక్షన్ సూది దొర్లింది. నావికుల వేషంలో ఉన్న ఇద్దరు పోలీసులు ఆమె రెక్కలు పట్టుకున్నారు.

"నా మాట నమ్మలేదా పెల్?" నవ్వుతూనే అడిగింది.

"నమ్మాను మేడం. కాల్చేదాకా వచ్చాను," అన్నాడు పెల్.

రేవు క్యాంటీను ఆవిడ అడక్కుండానే టీలో ఇంకో చెంచా పంచదార వేసి పెల్‌కీ అమొరీకీ ఇచ్చింది. అమొరీ పెల్ కుడి చొక్కాచేతిని దొరకబుచ్చుకుని, ఎంతకీ వదల్లేదు. పెల్ వదిలించుకోలేదు. ఎడమచేత్తో కప్పు అందుకున్నాడు. సగం టీ చొక్కా మీదే ఒలికింది.

చీఫ్‌కి ఫోన్ చెయ్యడానికి మాత్రం మూడో చెయ్యి లేకపోయింది.