ఉత్తరపు గోడ పక్కన మంచం

బెర్గెన్‌లో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు. ఆగితే చెప్పుకుంటారు. హాల్డిస్ తన అక్క ఇంటికి వచ్చిన ఆ అక్టోబరులో అలా చెప్పుకునే భాగ్యం ఎవరికీ కలగలేదు.

కొండకు వీపు ఆనించి కూర్చున్నట్టుండే పాత రాతి భవనం అది. పై వాటాలో అక్క ఇంగున్, ఆమె ఆరేళ్ల కూతురు తూవా ఉంటారు. బావ ఐవిన్‌ది ఓడ మీద ఉద్యోగం. ఇంట్లో ఉన్న రోజులకంటే సముద్రం మీద ఉన్న రోజులే ఎక్కువ. కింద వాటా కూడా వాళ్లదే, ఖాళీగా ఉంది. కట్టుకున్నవాడు ఇంకొకత్తెతో వెళ్లిపోయాక, ఓలెసుండ్‌లో ఉన్న ఇల్లు వదిలేసి సూట్‌కేసులతో దిగిన చెల్లెలికి ఇంగున్ గుమ్మంలోనే తాళాలు చేతిలో పెట్టింది.

"అద్దె మాట ఎత్తావంటే తంతాను," అంది.

హాల్డిస్‌కి ఏడుపు ఆగలేదు. అమ్మ పోయాక తనకంటూ మిగిలింది ఈ అక్క ఒక్కతే. అమ్మ కూడా ఈ కింద వాటాలోనే పోయింది. మనవరాలికి ఎడతెగని దగ్గు అని చూసుకోవడానికి వచ్చి, తనే నెమ్ము చేసి, వసంతం రాకుండానే కన్నుమూసింది. హాల్డిస్ వచ్చేసరికి శవపెట్టె మూసేశారు.

వెనక గదిలో ఇంగున్ తనే పక్క పరిచింది. దుప్పటి మడతలు సరిచేస్తూ, "మంచం మాత్రం కదపకే. ఈ గదిలో నేల వాలు. ఉత్తరపు గోడ పక్కన అయితేనే కుదురుగా నిలుస్తుంది," అంది.

మొదటి రోజుల్లో పైనుంచి తూవా దగ్గు వినపడేది. చిన్న కుక్కపిల్ల మొరిగినట్టు, ఆగకుండా. ఎక్స్‌రేలు తీశారు, మందులు మార్చారు, డాక్టర్లకు ఏమీ దొరకలేదు. హాల్డిస్ వచ్చి వారం తిరక్కుండానే అది ఆగిపోయింది. పిల్ల మెట్ల మీద గంతులేస్తూ కిందికొచ్చి, పిన్ని ఒళ్లో కూర్చుని దాల్చినచెక్క రొట్టె అంతా తినేసింది.

"నువ్వు కాలు పెట్టిన వేళ మంచిది," అంటూ ఇంగున్ చెల్లెల్ని కావలించుకుంది. చాలాసేపు వదల్లేదు. ఆ భుజాలు వణుకుతున్నాయని హాల్డిస్ గమనించింది. సంతోషం అనుకుంది.

నవంబరులో వాసన మొదలైంది. తడిసిన ఉన్ని వాసన, దాని అడుగున ఏళ్లతరబడి తెరవని దుంపల కొట్టు వాసన. కోటు ఆరలేదేమో అనుకుంది. కోటు ఉతికింది. వాసన పోలేదు. ఒక ఉదయం తలగడ జారి మంచం వెనక పడితే, తీయడానికి వంగి, చూసింది. గోడ మీద నల్లబూజు. అరచేయంత ఉంది.

"ఈ ఊళ్లో బూజు పట్టని గోడ ఒకటి చూపించు, దానికి దండం పెడతాను," అని నవ్వింది ఇంగున్, గిన్నెలోకి చేపల చారు వడ్డిస్తూ. "బ్లీచింగ్ నీళ్లతో తుడిచెయ్. తిను ముందు. చిక్కిపోతున్నావ్."

తుడిచింది. కిటికీలు తెరిచింది. హీటరు పెంచింది. నాలుగు రోజులకు మళ్లీ పట్టింది, ఈసారి మూరెడు. మళ్లీ తుడిచింది. మళ్లీ వచ్చింది. విచిత్రం ఏమిటంటే, గోడ తడిగా లేదు. చెయ్యి ఆనిస్తే పొడిగా, నులివెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన మనిషి నుదురులా.

ఆ బూజుకు ఒక ఆకారం ఉందని గ్రహించేసరికి ఆమెకు దగ్గు పట్టుకుంది. తెల్లారి తలగడ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుండేవి. ఆ ఆకారం దీపం ముందు పడుకున్న మనిషి నీడలా ఉండేది. తల, భుజం, తుంటి, మడిచిన మోకాళ్లు. హాల్డిస్ మోకాళ్లు మడిచే పడుకుంటుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

పరీక్షగా ఒక రాత్రి కాళ్లు బారజాపుకుని పడుకుంది.

పొద్దున గోడ మీద మడిచిన మోకాళ్లు లేవు. కాళ్లు బారజాపి ఉన్నాయి.

అక్కతో చెప్పింది. "ఒంటరిగా ఉంటే బుర్ర ఇలాంటివే అల్లుతుంది. డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాగా," అంది ఇంగున్. ఆ మాటకు హాల్డిస్‌కి సిగ్గేసింది కూడా. ఆ తర్వాత డాక్టరు మాట ఇంగున్ మళ్లీ ఎత్తలేదు.

డిసెంబరులో మధ్యాహ్నం మూడు దాటితే వీధి దీపాలు వెలుగుతాయి. అలాంటి ఒక చీకటి మధ్యాహ్నం, హాల్డిస్ గట్టి బ్రష్షు తెచ్చి మంచం ఇవతలికి లాగి, గోడను రక్తం వచ్చేలా గీకినట్టు గీకింది. పైనున్న నలుపు పోయింది. దాని కింద ఇంకొకటి ఉంది. పాతది, రంగులోకి ఇంకిపోయినది. పొట్టి మనిషి. వీపు గూనిగా ఉంది. రెండు చేతులూ గుండెల దగ్గర ముడుచుకుని ఉంది.

హాల్డిస్ బ్రష్షు కింద పెట్టింది. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాదు... ఇంకేదో ఉంది.

ఊపిరి. మెల్లగా లోపలికి... మెల్లగా బయటికి. తనదే అనుకుంది. తన ఊపిరి బిగబట్టింది.

అది ఆగలేదు.

లోపలికి... బయటికి... చివర్లో సన్నటి ఈల. తనకు దగ్గు పట్టినప్పట్నుంచీ తన గుండెల్లో పలుకుతున్న ఈల.

ఆమె మంచాన్ని రెండు చేతులా పట్టుకుని, ఈడ్చి, ముందు గదిలోకి లాక్కొచ్చి, వెనక గది తలుపు మూసి, దానికి కుర్చీ అడ్డం పెట్టింది. ఆ మంచం మీదే కూలబడింది. అలసటకు కళ్లు మూతలు పడ్డాయి.

లేచింది పైన దగ్గు వినపడి.

తూవా. కుక్కపిల్ల మొరుగు కాదు ఈసారి. ఎవరో గొంతులో గుడ్డ కుక్కుతున్నట్టు. ఆ వెంటనే మెట్ల మీద పరుగు, తాళంలో తాళంచెవి తిరిగిన చప్పుడు. ఇంగున్ తన దగ్గరున్న తాళంచెవితో తెరుచుకుని లోపలికొచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. చెల్లెలి ముఖం చూడలేదు. పిల్లకు ఇలా ఉందని చెప్పలేదు.

"మంచం ఎందుకు కదిపావ్?" అంది.

హాల్డిస్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. తాళాలు, చేపల చారు, నేల వాలు, వణికిన భుజాలు.

"నీకు తెలుసు," అంది గొణుగుతూ.

ఇంగున్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. "అక్కడ ఎవరో ఒకళ్లు పడుకుంటే... పిల్లను వదిలేస్తుంది."

"ఏది?"

"ఏమో. తెలీదు. నేను పడుకున్నానే. ఒట్టు, వేసవంతా పడుకున్నాను. నన్ను పట్టలేదు. పిల్లను తీసుకుని ఐవిన్ వాళ్లమ్మ ఇంటికి పోయాం. అక్కడ ఇంకా ఎక్కువైంది. నీలం రంగులోకి తిరిగిపోయింది నా చేతుల్లో."

"మరి అమ్మ?"

ఇంగున్ తల ఎత్తలేదు. "అమ్మే కనిపెట్టింది. తను ఇక్కడ పడుకున్నన్నాళ్లూ పిల్లకు బావుండేది. ఊరెళ్తే మళ్లీ మొదలు. చివరిసారి వచ్చి, ఇంక వెళ్లలేదు. తెలిసే పడుకుంది."

వెనక గది గోడ మీద గూని వీపు, గుండెల దగ్గర ముడుచుకున్న చేతులు హాల్డిస్ కళ్ల ముందు కదిలాయి.

"చెల్లిని పిలవొద్దని నాతో ఒట్టు వేయించుకుంది," అంది ఇంగున్ ఇంకా మెల్లగా. "ఏమైనా సరే, హాల్డిస్‌ని మాత్రం పిలవొద్దని."

పైన దగ్గు ఆగి, మళ్లీ మొదలైంది.

"నన్ను అడగాల్సింది అక్కా," అంది హాల్డిస్. "అమ్మను అడిగావో లేదో గానీ, అమ్మకు తెలుసు. నన్ను అడిగుంటే... పిల్ల కోసం పడుకునేదాన్నేమో. నువ్వు అడగలేదు. పక్క పరిచావు. తిను తిను అంటూ దగ్గర కూర్చుని తినిపించావు. నేనేమో, లోకంలో నాకు నువ్వున్నావనుకున్నాను."

"ఈ ఒక్క రాత్రికి," ఇంగున్ ఆమె కాళ్లు పట్టుకుంది. "ఒక్క రాత్రికే. తల్లీ, నీకు దండం పెడతాను."

హాల్డిస్ కాళ్లు విడిపించుకుంది. కోటు వేసుకుంది. మెట్ల మీద ఆ దగ్గు వీధి దాకా వెంట వచ్చింది. బస్సు స్టేషను దాకా చెవులు మూసుకునే నడిచింది. బస్సు కదిలాక కూడా చేతులు తీయలేదు.

ఓలెసుండ్‌లో చిన్ననాటి స్నేహితురాలు మెరెతె తన కొత్త ఫ్లాటులో ఒక గది ఇచ్చింది. పొడి గోడలు, కొత్త రంగు వాసన. నెల తిరిగేసరికి హాల్డిస్ దగ్గు పూర్తిగా పోయింది. అక్కకు ఫోన్ చెయ్యలేదు. అక్క చెయ్యలేదు. పిల్ల ఏమైందోనన్న భయం మాత్రం ఒక్క రోజూ వదిలేది కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఇంకా వెలుగుండగానే, ఫోన్ మోగింది.

"పిన్నీ!" తూవా. గొంతు గంటలా ఉంది. "నాకు దగ్గు పోయింది తెలుసా? మంచులో ఆడుకుంటున్నా!"

హాల్డిస్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎప్పుడు తగ్గిందమ్మా?"

"నువ్వెళ్లిన మర్నాడే."

"మరి... కింద ఎవరుంటున్నారు బంగారం?"

ఇది కూడా తెలీదా అన్నట్టు పిల్ల నవ్వింది.

"నువ్వే కదా. నేనిప్పుడు నీ గది గుమ్మంలోనే ఉన్నా. నువ్వెప్పుడూ గోడవైపు తిరిగే పడుకుంటావ్, పిలిచినా పలకవ్. అందుకే ఫోన్ చేశా."

హాల్డిస్ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

ఫోన్‌లో, పిల్ల వెనక ఎక్కడో, ఎవరో దగ్గారు. రెండుసార్లు. చివర్లో సన్నటి ఈల.

ఆ వెంటనే ఇంగున్ గొంతు, మెత్తగా, ఎంతో ప్రేమగా, ఫోన్‌లోకి కాకుండా ఎవరితోనో అంటోంది.

"లేవకే తల్లీ... పడుకో. నేనున్నాగా..."