ఎవాంజెలిన్ కొత్త కీ

"నా మీద నమ్మకం లేక ఇంత దూరం వచ్చినావా కిషోర్?"

కావలి ల్యాబు మెట్ల మీద కూలబడి, చెప్పులు విప్పి, పాదాలు నొక్కుకుంటూ అడిగింది ఎవాంజెలిన్. పొద్దుటి నుంచీ రొయ్యపిల్లల శాంపిళ్ళు చూసీ చూసీ ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. నేనూ రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో డ్యూటీ దిగి, బస్సులో నిలబడి వచ్చాను. నాకు కోప్పడే ఓపిక కూడా లేదు.

"నీ మీద కాదు తల్లీ. ఈ కీ నీదా కాదా అని."

మా రొయ్యల జబ్బుల రిపోర్టులన్నీ తాళం వేసిన మెయిళ్ళలోనే నడుస్తాయి. ఆమె పబ్లిక్ కీతో ఎవరైనా తాళం వేయొచ్చు, తెరవగలిగేది మాత్రం ఆమె ఒక్కతే. మొన్న ల్యాప్‌టాప్ పాడై కొత్త కీ చేసుకుంది. ఆమె పేరుతో ఎవరైనా కీ చేయొచ్చు కదా! ఈ కొత్త కీ ఆమెదేనని తేలలేదంటూ నా కంప్యూటర్ మొండికేసింది.

"నాదేనని మీ హేచరీ సుబ్బు దానిమీద సంతకం పెట్టినాడు గదా?"

"వాడు చూడకుండా పెడతాడు. మంచోడే, కానీ ఇట్లాంటి వాటిల్లో వాడికి నా కంప్యూటర్లో సగం నమ్మకమే ఇచ్చినా. అట్లాంటోళ్ళు ముగ్గురు పెడితేగానీ కీ చెల్లదు."

ఆమె నిట్టూర్చింది. "మా నాయన గూడా ముగ్గుర్నే అడిగినాడు, గూడూరు సంబంధం గురించి. ముగ్గురూ మంచోడన్నారంట. ఆదివారం చర్చి కాంగానే మాట ఇచ్చేస్తాడంట."

నాకొచ్చిన కీ గుర్తు రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీశాను.

"ఫింగర్‌ప్రింట్ చదువు."

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆ కీ గుర్తుకున్న నలభై అంకెలూ అక్షరాలూ ఒక్కొక్కటే నీరసంగా చదివింది. నేను కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అన్నీ సరిపోయాయి.

"అయిపోయిందా? ఇదంతా ఫోన్లో చదివుంటే నా గొంతు గుర్తుపట్టవా?"

"పడతా."

"మరి బస్సులో ఎందుకు చచ్చినావు?"

"నీకు తప్ప ఎవరికీ తెరుచుకోని ఉత్తరం ఒకటి పంపాల. అందుకే కీ నీదేనని ఎదురుగా చూసుకుందామని వచ్చినా. వారం నుంచీ రాసిపెట్టుకోనుండా."

"రిపోర్టా?"

"కాదు. నిన్ను పెళ్ళి చేసుకుంటానని."

చెప్పేశాను. ఆమె ల్యాప్‌టాప్ మూసింది. తర్వాత నవ్వింది, కళ్ళల్లో నీళ్ళతోనే.

"ఇప్పుడా చెప్పేది! ఏడాది నుంచీ నువ్వు నోరు తెరుస్తావేమోనని చూస్తుండానబ్బా."

ప్రాణం లేచొచ్చింది. వెంటనే భయమూ వేసింది. "మీ నాయన అడిగితే నా గురించి చెప్పేవాళ్ళు ఎవరుండారు? మీ చర్చిలో నాకెవరూ తెలీదే."

"ముగ్గురక్కర్లేదు. ఆయన పూర్తిగా నమ్మే మనిషి ఒక్కరు చెప్తే చాలు."

"ఎవరా మనిషి?"

ఆమె చెప్పులు తొడుక్కుని లేచింది.

"నేనే. పద ఇంటికి."